మా మున్సిపాలిటీ క్లైమేట్ ప్లాన్‌లో వేరే ఊరి పేరుంది. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

ముత్యాలగుట్ట

మాది పాత నల్గొండ జిల్లాలో ఓ చిన్న మున్సిపాలిటీ. పోయినేడు ఒక కన్సల్టెన్సీ వాళ్ళు వచ్చి క్లైమేట్ యాక్షన్ ప్లాన్ రాసిచ్చి వెళ్ళారు. 118 పేజీలు, రంగుల బొమ్మలు. మొన్న కమిషనర్ గారు నన్ను పిలిచి, "ఇంజనీరింగ్ చదివినవాడివి కదా, ఇందులో మనం చేయగలిగేవి ఏమున్నాయో చూసి చెప్పు" అన్నారు. రెండు రాత్రులు కూర్చుని చదివాను. 41వ పేజీలో సముద్రపు కోతను ఎలా ఆపాలో రాశారు. మా ఊళ్ళో సముద్రం చూసినవాళ్ళే తక్కువ. ఇంకోచోట ఏకంగా వేరే ఊరి పేరే ఉంది, మార్చడం కూడా మర్చిపోయారు.

కోపం కన్నా బాధ ఎక్కువగా ఉంది. మే నెలలో మా దగ్గర 45 డిగ్రీలు దాటుతుంది. గట్టి వాన పడితే బస్టాండు వెనక కాలనీలో మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి. కమిషనర్ గారికి నిజంగానే ఏదో చేయాలని ఉంది. కానీ ఆయన దగ్గరున్నది ఒక ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు), ఇద్దరు శానిటరీ ఇన్‌స్పెక్టర్లు, అంతే. ఒకవైపు కార్బన్ తగ్గించాలి, ఇంకోవైపు ఎండకూ వానకూ ఊరిని సిద్ధం చేయాలి. దేనితో మొదలుపెట్టమంటారు? చేసినవాళ్ళు, దగ్గరుండి చూసినవాళ్ళు చెప్పండి.

సోలార్_సీను

ముందు ఆఫీసు బిల్డింగ్ మీద సోలార్ పెట్టించండి. జనానికి కనిపిస్తుంది, బిల్లు తగ్గుతుంది, పేపర్లో ఫోటో వస్తుంది. మిగతా పనులకు ఊపు అదే వస్తుంది.

థర్డ్_వైరు

సీను గారూ, నాకు అక్కడే అభ్యంతరం. ఆఫీసులో ఉండేవి నాలుగు ఫ్యాన్లు, రెండు కంప్యూటర్లు, ఒక ఏసీ. కరెంటు మింగేది అది కాదు.

ముత్యాలగుట్ట గారూ, మీ మున్సిపాలిటీ పేరు మీద ఎన్ని కరెంటు సర్వీసు కనెక్షన్లు ఉన్నాయో మీ ఏఈ గారు చూడకుండా చెప్పగలరా? నేను పంచాయతీ కార్యదర్శిని. కొత్తగా చేరినప్పుడు నాకూ తెలియదు. బిల్లులన్నీ కలిపి ఒకే చెక్కు రాసేవాళ్ళు. ఒక ఆదివారం కారోబారును వెంటబెట్టుకుని ఒక్కో మీటరు దగ్గరికీ నడిచాను. మొత్తం 14. వాటిలో 2 మోటార్ల బోర్లు ఎండిపోయి నాలుగేళ్ళయింది, నెలనెలా మినిమం బిల్లు మాత్రం కడుతూనే ఉన్నాం.

వీధిదీపాల సంగతి ఇంకా ఘోరం. థర్డ్ వైరు (వీధిదీపాలకు విడిగా లాగే తీగ) లేని స్తంభాలకు దీపాలు నేరుగా తగిలించారు, ఆపే దారే లేదు, పగలూ రాత్రీ వెలిగేవి. లెక్క మీరే వేయండి. 20 వాట్ల బల్బులు 300 ఉన్నాయనుకోండి. పగలు 12 గంటలు ఊరికే వెలిగితే రోజుకు 72 యూనిట్లు, ఏడాదికి 26 వేల పైచిలుకు. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్క. అంటే ఎవరికీ పనికిరాని వెలుగు కోసం ఏడాదికి 18 టన్నులు. ప్రభుత్వ పల్లె ప్రగతి కార్యక్రమం అప్పుడు థర్డ్ వైరు లాగించి, ఆన్ ఆఫ్ స్విచ్ పెట్టించాం. ఇప్పుడు వాటర్‌మన్ పొద్దున ట్యాంకు వాల్వు తిప్పడానికి వెళ్ళేటప్పుడే దీపాలూ ఆపేస్తాడు. దానికి ఏ ప్లానూ అవసరం రాలేదు.

ఊరికే_చదువుతా

హ్యాండిల్ పేరు వెనక ఇంత కథ ఉందా! ఇన్నాళ్ళూ ఏదో సినిమా టైటిల్ అనుకున్నా.

ఫ్యూజు_పోయింది

మేడమ్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను ముప్పై ఏళ్ళు కరెంటు డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యాను. దానికి ఇంకొకటి కలుపుతాను. చాలా మున్సిపాలిటీల్లో వీధిదీపాల కన్నా నీళ్ళ మోటార్ల బిల్లే పెద్దది. దీపాలు ఎప్పుడో ఎల్ఈడీ అయిపోయాయి. మోటార్ల జోలికి ఎవరూ వెళ్ళలేదు.

20 హెచ్‌పీ మోటారంటే దాదాపు 15 కిలోవాట్లు. రోజుకు 10 గంటలు ఆడితే 150 యూనిట్లు, ఏడాదికి 55 వేలు, కార్బన్ 38 టన్నులు. ఇది ఒక్క మోటారు లెక్క. కాలినప్పుడల్లా రీవైండింగ్ (లోపలి తీగ మళ్ళీ చుట్టడం) చేయించి మళ్ళీ దింపుతారు, చేయించిన ప్రతిసారీ సామర్థ్యం కొంత పోతుంది. లేదా కాలిపోయిందని 15 హెచ్‌పీ తీసి 25 దింపుతారు, ప్రెషర్ ఎక్కువైందని గేటు వాల్వు సగం మూసి నడుపుతారు. యాక్సిలరేటర్, బ్రేకు రెండూ ఒకేసారి తొక్కినట్టు. ఇక పైన ట్యాంకు పొంగి మురిక్కాలువలో కలిసే నీళ్ళ కోసం ఎంత కరెంటు పోతుందో ఎవరైనా కొలిచారా?

చేయాల్సింది ఏమీ బ్రహ్మవిద్య కాదు. గంటకు ఎన్ని వేల లీటర్లు వస్తున్నాయి, ఎన్ని యూనిట్లు కాలుతున్నాయి, ఈ రెండూ ఒక పుస్తకంలో రాయండి. వెయ్యి లీటర్లకు ఎక్కువ యూనిట్లు తినే మోటారును ముందు మార్చండి. ట్యాంకు నిండగానే మోటారును ఆపే ఫ్లోట్ స్విచ్ పెట్టండి. కెపాసిటర్లు పాడైతే వెంటనే వేయండి. లీకేజీలు కట్టండి. సోలార్ ఆ తర్వాత. చిల్లుకుండ నింపడానికి సోలార్ అయినా ఒకటే, బొగ్గు అయినా ఒకటే.

సోలార్_సీను

ఒప్పుకుంటున్నా అంకుల్. కానీ పగలు నడిచే పంపుహౌసు మీదే సోలార్ పెడితే ఎండా పనీ ఒకే వేళకు కుదురుతాయి, అదీ చూడండి.

ఫ్యూజు_పోయింది

అది మంచి మాట. మోటారు సరిచేశాక పెడితే ప్యానెళ్ళు కూడా తక్కువ సరిపోతాయి.

కృష్ణలంక_కుర్రోడు

అందరూ యూనిట్లు, టన్నులు అంటున్నారు. నేను వేరేగా అంటాను, కోపం వద్దు. మన దేశంలో తలసరి కార్బన్ ఏడాదికి 2 టన్నుల దగ్గర ఉంది. ప్రపంచ సగటు అందుకు రెట్టింపు కన్నా ఎక్కువ. ఒక చిన్న మున్సిపాలిటీ దీపాలు ఆపినంత మాత్రాన వాతావరణం ఏమీ మారదు. ఆ ఊరి మీద పడే వాన మాత్రం ఇప్పటికే మారిపోయింది.

2024 సెప్టెంబరు 1న మా బెజవాడలో బుడమేరుకు గండ్లు పడ్డాయి. సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళల్లోనే ఉన్నారు. అటు ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటి వెళ్ళాయి, అంతకుముందు ఎప్పుడూ అంత రాలేదు. మా పిన్ని వాళ్ళది మొదటి అంతస్తు. కింద ట్రాన్స్‌ఫార్మర్ మునిగింది, కరెంటు లేదు, మోటారు లేదు, తాగడానికి నీళ్ళు లేవు. చుట్టూ నీళ్ళే, గొంతు తడుపుకోవడానికి చుక్క లేదు. నాలుగో రోజు పడవ మీద వెళ్ళి తీసుకొచ్చాం.

అందుకే చెబుతున్నా, మీ ఊళ్ళో ముందు వరద నీరు ఎక్కడిదాకా వస్తుందో గుర్తులు పెట్టండి. పంపుహౌసు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఆసుపత్రి జనరేటరు ఆ గీతకు పైన ఉన్నాయా, కింద ఉన్నాయా చూడండి. ఆ తర్వాతే కార్బన్.

థర్డ్_వైరు

కుర్రోడు గారూ, మీ పిన్ని గారి మాట చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. కానీ రెంటినీ విడదీయకండి. దీపాలు ఆపి మిగిల్చిన డబ్బుతోనే మా దగ్గర రెండు కల్వర్టుల పూడిక తీయించాను. చిన్న ఊళ్ళకు వాతావరణం పేరు మీద నిధులు ఎవరూ తెచ్చివ్వరు. ఏం మిగిలినా బిల్లులోనే మిగలాలి.

ఉప్పుగాలి

విశాఖ అనుభవం కూడా ఆవిడ మాటకే బలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్ళో స్తంభాలన్నీ అగ్గిపుల్లల్లా పడిపోయాయి. మళ్ళీ పాత సోడియం దీపాలే పెట్టకుండా సుమారు 90 వేల ఎల్ఈడీలు పెట్టారు. డబ్బు ముందు మున్సిపాలిటీ పెట్టలేదు. కేంద్ర ప్రభుత్వ రంగంలోని ఈఈఎస్ఎల్ పెట్టింది, ఆదా అయిన దాంట్లోంచి కొన్నేళ్ళపాటు తిరిగి కట్టే పద్ధతి. ఎలాగూ మళ్ళీ పెట్టాల్సిన దీపాలనే తక్కువ కరెంటు తినేలా పెట్టారు. నష్టం జరిగిన రోజునే ఇలా ఆలోచించాలంటే ముందే కాగితం సిద్ధంగా ఉండాలి. తర్వాత 2018లో ముడసర్లోవ రిజర్వాయరు నీళ్ళ మీద 2 మెగావాట్ల తేలే సోలార్ కూడా పెట్టారు. మీకు చెరువులున్నాయి కానీ ఎండాకాలం అడుగు కనిపించేవి అయితే ఆ ఆలోచన వద్దు.

ముత్యాలగుట్ట

మా చెరువు ఏప్రిల్‌కే క్రికెట్ గ్రౌండు అయిపోతుంది ఉప్పుగాలి గారూ. ఆ మాట పక్కన పెడితే, ఇవన్నీ నోట్ చేసుకుంటున్నాను. రేపే సర్వీసు నంబర్ల జాబితా అడుగుతాను.

ఎండ గురించి ఎవరూ చెప్పలేదు. మా భయం ఎక్కువగా దాని గురించే.

అమ్మ_అంగన్‌వాడీ

నేను చెబుతాను. మా అమ్మ అంగన్‌వాడీ టీచరు. కేంద్రం రేకుల గదిలో ఉంటుంది. రెండేళ్ళ కింద మే నెలలో మధ్యాహ్నం 2 గంటలకు లోపల థర్మామీటరు పెడితే 41 చూపించింది. మూడేళ్ళ పిల్లలు అందులోనే పడుకుంటున్నారు. నేనూ మా తమ్ముడూ కలిసి రేకుల మీద సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు వేశాం. మళ్ళీ అలాంటి ఎండ రోజునే కొలిస్తే 38. ఆ 3 డిగ్రీలకు పిల్లలు ఏడవకుండా నిద్రపోయారు. అమ్మ ఆ రోజు ఫోన్ చేసి మరీ చెప్పింది.

తెలంగాణలో 2023 నుంచి 2028 వరకు కూల్ రూఫ్ (కప్పు వేడెక్కకుండా చేసే) విధానం ఉంది. ప్రభుత్వ భవనాలకూ వాణిజ్య భవనాలకూ తప్పనిసరి, ఇళ్ళయితే 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాలకు. రాష్ట్రం మొత్తం మీద 300 చదరపు కిలోమీటర్లు లక్ష్యం. కానీ నిజంగా ఉడికిపోయేది 60 గజాల రేకుల ఇల్లు. దానికి ఏ నిబంధనా లేదు. మున్సిపాలిటీ సున్నం కొనిస్తే చాలు, పూసుకునేవాళ్ళు వాళ్ళే పూసుకుంటారు. అహ్మదాబాద్‌లో 2017లో బస్తీల్లో 3 వేల కప్పులకు తెల్లసున్నం వేసింది ఈ ఆలోచనతోనే.

ట్రెంట్_ఒడ్డున

అహ్మదాబాద్ పేరు వచ్చింది కాబట్టి, వాళ్ళ హీట్ యాక్షన్ ప్లాన్ చదవండి, మీ 118 పేజీలు అవతల పెట్టి. 2010 మే వడగాడ్పులకు ఆ ఒక్క ఊళ్ళో మామూలు కన్నా 1,344 మంది ఎక్కువ చనిపోయారు. అప్పుడు కళ్ళు తెరిచి 2013లో ప్లాన్ మొదలుపెట్టారు. అందులో పెద్ద యంత్రాలేమీ లేవు. రేపు ఎంత ఎండ అన్న అంచనా వచ్చిన వెంటనే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, ఆసుపత్రిలో ఐస్ ప్యాకులు ఎక్కడ ఉండాలి, కూలీల పని వేళలు ఎప్పుడు మార్చాలి, అంతే. దానివల్ల ఏటా 1,100కు పైగా మరణాలు తప్పాయని తర్వాత ఒక అధ్యయనం లెక్కగట్టింది. మన రెండు రాష్ట్రాల్లో 2015 మేలో కలిపి 1,500 మందికి పైగా పోయారు, గుర్తుందా?

నేను ఉండేది ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో. ఇక్కడి కౌన్సిల్ 2028కల్లా కార్బన్ న్యూట్రల్ అవుతామని ప్రకటించింది. 2012 నుంచి 11 లేదా అంతకన్నా ఎక్కువ పార్కింగ్ స్థలాలున్న ఆఫీసుల మీద రుసుము వేసి, ఆ డబ్బును ట్రామ్ లైన్లలో పెట్టారు. నాకు చాలా నచ్చిన పని అది, నేను రోజూ ఎక్కేది ఆ ట్రామే. అదే కౌన్సిల్ 2023 నవంబరులో ఖజానా ఖాళీ అని నోటీసు ఇచ్చింది. డబ్బున్న దేశంలోనే ఇలా ఉంటే మీ కమిషనర్ గారి కష్టం నాకు అర్థమవుతుంది.

ఇంకొక మాట. బ్రిటన్ వాతావరణ మార్పుల కమిటీ లెక్క ప్రకారం ఒక ప్రాంతం ఉద్గారాల్లో కౌన్సిల్ నేరుగా చేసేవి 2 నుంచి 5 శాతమే. కానీ అనుమతులు, రోడ్లు, చెత్త, ఇళ్ళ ద్వారా మూడో వంతు దాకా దాని చేతిలో ఉంటుంది. బిల్లుతో మొదలుపెట్టండి, బిల్లు దగ్గరే ఆగకండి. రేపు మీ ఊళ్ళో వచ్చే కొత్త లేఅవుట్‌లో నాలా మూసేస్తే, ఆ తప్పు యాభై ఏళ్ళు ఉంటుంది.

కృష్ణలంక_కుర్రోడు

చివరి మాటకు దండం. నేను గంటసేపు వాదించింది మీరు ఒక్క ముక్కలో చెప్పారు.

గానుగచెట్టు

ఇంతసేపైనా చెట్ల మాట ఎవరూ ఎత్తలేదేం? తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019లో బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలని ఉంది. నాటినవాటిలో 85 శాతం బతకాలని కూడా ఉంది. డబ్బు లేదనకండి, అది ఉన్న డబ్బే.

ఊరికే_చదువుతా

మా దగ్గర ఆ 10 శాతంతో డివైడర్ నిండా కోనోకార్పస్ పెట్టారు. పచ్చగానే ఉంది కదా!

గానుగచెట్టు

పచ్చగా ఉంటే చాలా బాబూ? దాని మీద పిట్ట గూడు చూశావా? దాని కింద నిలబడిన మనిషిని చూశావా? నీడ ఇవ్వదు, వేళ్ళు పైపుల్లోకి పోతాయి, పుప్పొడితో ఆయాసమని జనం గోల. చివరికి నర్సరీల్లో పెంచొద్దని ఆదేశాలు వచ్చాయి. అప్పటికే ఊళ్ళన్నీ నిండిపోయాయి.

ఎండకు కావాల్సింది మనుషులు నిలబడే చోట నీడ. బస్టాపు, కూరగాయల అంగడి, లేబర్ అడ్డా, ఆసుపత్రి గేటు, బడి ముందు. వేప, గానుగ, రావి, చింత. ఊరి బయట గుట్ట మీద 5 వేలు నాటి ఫోటో దిగేకంటే లేబర్ అడ్డాలో 5 చెట్లు బతికించండి. గానుగ మూడు నాలుగేళ్ళలో నీడకొస్తుంది. మొదటి రెండు ఎండాకాలాలు ట్యాంకరు నీళ్ళు పోసే మనిషికి జీతం ఆ 10 శాతంలోంచే పెట్టండి. మొక్క చచ్చేది మార్చిలో, నాటిన జూలైలో కాదు.

థర్డ్_వైరు

ఆఖరి వాక్యం మా ఆఫీసు గోడ మీద రాయిస్తాను.

తడిచెత్త_పొడిచెత్త

డంపింగ్ యార్డు మర్చిపోతున్నారు. మీ ఊరి ఉద్గారాల్లో కరెంటు తర్వాత పెద్దది అదే అయి ఉంటుంది. తడిచెత్త గుట్టగా పడి గాలాడక కుళ్ళితే మీథేన్ వస్తుంది. వందేళ్ళ లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది. ఎండాకాలం యార్డు తగలబడేది కూడా దానివల్లే. మా మున్సిపాలిటీలో ఒకసారి 9 రోజులు మండింది. యార్డు పక్క వాడలో ఉండే పారిశుద్ధ్య కార్మికుల పిల్లలే ఆసుపత్రిలో చేరారు. ఊరంతా చెత్త మోసేవాళ్ళే పొగ కూడా మింగాల్సి వచ్చింది.

హైదరాబాద్‌లో బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ చూసి రండి. రోజుకు 10 టన్నుల కూరగాయల వ్యర్థాల నుంచి బయోగ్యాస్ తీసి సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాసు తయారు చేసేలా కట్టారు. సాంకేతికత తార్నాకలోని ఐఐసీటీ అనే కేంద్ర పరిశోధన సంస్థది. అది పనికొచ్చింది ఎందుకంటే మార్కెట్ చెత్తలో ప్లాస్టిక్ తక్కువ, రోజూ ఒకే రకం వస్తుంది. ఇళ్ళ చెత్త కలిపి పోస్తే ఆ ప్లాంటు నెలలో మూలపడుతుంది. మీ ఊరికి అంత పెద్దది వద్దు. కూరగాయల అంగడి, హోటళ్ళు, ఫంక్షన్ హాళ్ళు, ఈ మూడింటి తడిచెత్తను విడిగా ఒక బండిలో తెచ్చి కంపోస్టు చేయండి. ఇల్లిల్లూ వేరు చేయించడం తర్వాతి మెట్టు.

సోలార్_సీను

ఫంక్షన్ హాళ్ళ సంగతి నిజం. మా అన్న పెళ్ళిలో పారేసిన అన్నం చూసి అమ్మమ్మ ఏడ్చినంత పని చేసింది.

థర్డ్_వైరు

డబ్బుల గురించి ఒక చిన్న కిటుకు. 15వ ఆర్థిక సంఘం (2021–26) గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలని కట్టడి పెట్టారు. అది ఇబ్బంది అని మా వాళ్ళందరూ విసుక్కునేవారు. కానీ నీటి పద్దులో వాననీటి సంరక్షణ కూడా వచ్చేది. ఇంకుడు గుంతలు, బడి కప్పు మీద వాననీళ్ళు పట్టడం, వీటన్నింటికీ నేను అదే పద్దు వాడాను. ఫైలు మీద వాతావరణం అన్న మాటే రాయలేదు. పని మాత్రం అయింది.

అమ్మ_అంగన్‌వాడీ

ఇంకొకటి కూడా చూడండి. 2025లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోతే 4 లక్షల పరిహారం అంది. మా వీధిలో తాపీపని చేసే పెద్దాయన మేలో పని దగ్గర కుప్పకూలి పోయాడు. గుండెపోటు అనుకుని అదే రోజు సాయంత్రం దహనం చేశారు. కాగితం మీద ఆయన ఎండకు చనిపోలేదు. ఎవరికి చెప్పాలో ఇంట్లోవాళ్ళకు తెలియదు. మీ శానిటరీ ఇన్‌స్పెక్టర్లకూ ఆశా వర్కర్లకూ ఈ ఒక్కటి నేర్పించండి, ఎండలో పోయిన మనిషిని ఎండలో పోయినట్టు రాయడం. రాస్తేనే ఏ వార్డులో నీడ కావాలో తెలుస్తుంది.

ముత్యాలగుట్ట

పది రోజులు మాయమైనందుకు తిట్టకండి, ఊరంతా తిరిగాను.

సర్వీసులు 37 అని తేలింది. ఆఫీసు రిజిస్టరులో 31 మాత్రమే ఉన్నాయి. 5 కనెక్షన్లు ఇప్పుడు ఏ పనికీ లేవు, ఒకటి కూల్చేసిన పాత లైబ్రరీది. ఫ్యూజు అంకుల్ చెప్పినట్టు మూడు పెద్ద మోటార్ల దగ్గర నీళ్ళూ యూనిట్లూ కొలిచాం. ఒకటి మిగతా రెంటి కన్నా దాదాపు రెట్టింపు తింటోంది. వాటర్‌మన్‌ను అడిగితే, అది అయిదుసార్లు రీవైండింగ్ అయింది సార్, నాకు ఎప్పటినుంచో తెలుసు, ఎవరూ అడగలేదు అన్నాడు. ఆ మాటకు ఏఈ గారు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

బస్టాండు వెనక కాలనీలో ముసలివాళ్ళతో కూర్చున్నాం. 2020 అక్టోబరు వానకు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గోడల మీద చూపించారు. ఎర్ర పెయింటుతో 22 ఇళ్ళ మీద గీత గీశాం. మా కొత్త ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఆ గీతకు జానెడు కింద ఉంది.

కమిషనర్ గారు ఇవన్నీ ఒకే కాగితం మీద రాయించి తన టేబుల్ అద్దం కింద పెట్టుకున్నారు. చచ్చిన కనెక్షన్లు తీయించడం, ఆ మోటారు మార్చడం, దిమ్మె ఎత్తు పెంచమని కరెంటు పంపిణీ సంస్థ డిస్కమ్‌కు లేఖ, 11 అంగన్‌వాడీలకు సున్నం, లేబర్ అడ్డాలో వేప, గానుగ. మార్చి లోపు ఈ పనులే, కొత్తవి కలపొద్దు అన్నారు.

కృష్ణలంక_కుర్రోడు

ఆ జానెడు వదలకండి. లేఖ ఇచ్చి ఊరుకోకుండా వెనకపడండి. మాకు అదే జరిగింది.

ఫ్యూజు_పోయింది

ఆ వాటర్‌మన్‌కు కొలతల పుస్తకం ఇచ్చి, మోటార్ల బాధ్యత అతనికే అప్పగించండి.

థర్డ్_వైరు

5 కనెక్షన్లు ఊరికే ఆపేస్తే బకాయి కింద వేస్తారు, జాగ్రత్త. చివరి రీడింగ్ ఫోటో, కౌన్సిల్ తీర్మానం కాపీ పెట్టి, శాశ్వతంగా తొలగించమని రాతపూర్వకంగా అడగాలి. నేను రాసిన లేఖ నమూనా ఉంది, కావాలా?

ముత్యాలగుట్ట

కావాలి అక్కా, ఇవాళే పంపండి. సోమవారం ఏఈ గారితో కలిసి డిస్కమ్ ఆఫీసుకు వెళ్తున్నాం.